రాత్రి ఒంటిగంటకు మధ్యాహ్నం

డురాంగోలో మే నెల చివర
అనిమస్ నది రాత్రిపూట పెరుగుతుంది.
సిల్వర్టన్ పైన మిట్టమధ్యాహ్నం కరిగిన మంచు
డెబ్బై కిలోమీటర్లు లోయ దిగి
మా వంతెన కిందికి వచ్చేసరికి
అర్ధరాత్రి దాటి ఒంటిగంట.
ఊరంతా ముసుగుతన్ని పడుకున్నాక
నిన్నటి ఎండ నీళ్ళై వస్తుంది.

గేజి గదికి రెండే తాళంచెవులు.
ఒకటి నాది, ఒకటి ఎలాయ్ గాయెగోస్‌ది.
ముప్పై ఒక్కేళ్ళుగా ఈ నీటి నాడి పట్టుకుని చూస్తున్నాడాయన.
నాకిది నాలుగో వేసవి.
నేను క్యూసెక్కులంటే నవ్వుతాడు,
తుమ్మినట్టుందట ఆ మాట.
వానాకాలమంతా మా పేపర్లకు
మొదటి పేజీ అదేనని చెప్పినా నమ్మడు.

ఏప్రిల్లో కనుమ మీదికెక్కాం.
గొట్టాన్ని మంచులోకి దించి,
నేల తగిలేదాకా తిప్పి, పైకి లాగి
త్రాసుకు వేలాడదీశాం.
ముల్లు చూపించేది మంచు బరువే,
నాకు మాత్రం జూలైలో ఎవరో రైతు
తూము దగ్గర నిలబడి తిట్టే తిట్లు వినబడ్డాయి.
తెల్లటి పొరల మధ్య కారప్పొడి చల్లినట్టు
ఒక ఎర్రటి గీత.
ఎడారి దుమ్ము, గాలి మోసుకొచ్చింది.
"ఇది పైకి తేలిన రోజు మంచుకు జ్వరమొస్తుంది"
అన్నాడు ఎలాయ్.
వచ్చింది. మూడు వారాలు ముందే.

సిల్వర్టన్ దాటేలోగా మూడు ఏర్లు కలుస్తాయి.
ఒకటి గనుల కడుపులోంచి వస్తుంది,
రాళ్ళకు తుప్పు పూసిపోతుంది,
అందులో చేపపిల్ల బతకదు.
ఇంకొకటి కాస్త నయం.
మూడోదానిదే నది పేరు.
కలిశాక కూడా కొంత దూరం రంగులు విడివిడిగా నడుస్తాయి,
ఒకే బస్సెక్కిన దాయాదుల్లా.
తర్వాత లోయ వాటినన్నిటినీ ఒకే రోట్లో వేసి దంచుతుంది.
అక్కడ రోడ్డు లేదు, పాత రైలు పట్టా ఒక్కటే.
బయటపడ్డాక నది గొంతు తగ్గించుకుని
గడ్డి మైదానాల్లో ఇల్లిల్లూ పలకరించే ముసలమ్మలా
ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ తిరిగి
తీరిగ్గా మా దగ్గరికి చేరుతుంది.

వంతెన మీంచి మీటరు దించుతాం.
గిన్నెల చక్రం తిరిగినప్పుడల్లా
హెడ్‌ఫోనులో టిక్కుమంటుంది.
నలభై సెకన్లకు ఎన్ని టిక్కులు,
లోతెంత, ఒడ్డు నుంచి ఎంత దూరం,
అలా పాతిక చోట్ల కొలిచి
గుణించి కూడితే నది.

పోయిన వారం ఆయన లెక్క నా లెక్కకు
వందకు తొమ్మిది తక్కువ.
మర్నాడు పదకొండు.
గిన్నెలు కొత్తవి. తాడు సరిగ్గానే ఉంది.
ఆయన అంకె చెరపకుండా
పక్కనే పెన్సిలుతో నాది రాశాను.
చూశాడు. ఏమీ అనలేదు.
సాయంత్రం హెడ్‌ఫోను
నా సీట్లో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయనకిష్టం డిసెంబరు నది.
రెండు వందల క్యూసెక్కులు, అంచుల్లో గాజు పెంకుల్లాంటి మంచు,
నడుమ నల్లగా పారే ఊటనీరు.
"కరిగిన మంచు జీతం లాంటిది, వచ్చినట్టే పోతుంది.
ఇది భూమి పొదుపు" అంటాడు.
ఇక్కణ్ణించి దిగువకు దాని కథ మాకు రాదు.
ఆనకట్టలు, కాలవలు, ఎక్కడో క్యాబేజీ మడులు.
చాలా ఏళ్ళు సముద్రం ముఖమే చూడదంటారు.

ఈ రాత్రి ఇద్దరం వంతెన మీదున్నాం.
థర్మాసులో కాఫీ చల్లారిపోయింది.
నీళ్ళ అడుగున రాళ్ళు కదులుతున్నాయి,
అటక మీద ఎవరో గుమ్మడికాయలు దొర్లిస్తున్నట్టు.
నాకు వినిపిస్తోంది.
ఎలాయ్ చేతి తొడుగు తీసి
అరచెయ్యి ఇనుప కమ్మీకి ఆనించాడు.
కళ్ళు మూసుకోలేదు, తల వంచలేదు,
పొయ్యి మీద పాలు చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"వచ్చింది" అన్నాడు.

పెట్టెలో యంత్రం పావుగంటకోసారి రాస్తుంది.
ఇంకా రాయలేదు.
టార్చి వెలుగులో పుస్తకం తెరిచి
ఆయన చెప్పిన టైమే వేశాను,
పన్నెండూ యాభై రెండు,
ఈసారి పెన్నుతో.